జ్వరం దిగిన రోజే పిల్లను కాచుకోవాలి

పత్తి చేలో లింగాకర్షక బుట్టలు కట్టమని వ్యవసాయ శాఖ మనకు ఏటా చెబుతుంది. బుట్టలో రోజుకు 8 చొప్పున గులాబీ పురుగు రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టేనని లెక్క కూడా చెబుతుంది. మంచిదే. ఆ లెక్క వల్ల లాభపడ్డ రైతులు మనలో ఉన్నారు. కానీ అదే చేలో కలుపు తీస్తున్న తల్లి ఇంటి దగ్గర వదిలి వచ్చిన పిల్లకు జ్వరం వస్తే, అది ఎన్నో రోజు జ్వరమో లెక్క పెట్టే ఏర్పాటు ఏ ఊళ్లో ఉంది? పురుగుకు ఉన్న లెక్క మన పిల్లలకు లేదు. ఈ మాట అనడానికి మాకు బాధగానే ఉంది. అయినా అనక తప్పదు.

గత వానాకాలం మా జిల్లాలో ఒక ఊళ్లో, ఒకే వీధిలో, వారం తేడా లేకుండా ఇద్దరు పిల్లలు జ్వరాన పడ్డారు. మొదటిది మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల పాప. తండ్రి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాడు. సోమవారం జ్వరం వస్తే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించారు. మర్నాడూ వేయించారు. గురువారం పొద్దున ఒళ్లు చల్లబడింది. గండం గడిచిందనుకుని తల్లి కలుపుకు పోయింది. ఆ వారం కలుపు తీయకపోతే చేను చేతికి రాదు, కౌలు మాత్రం కట్టాలి. పాపను నాయనమ్మ చూసుకుంటోంది. మధ్యాహ్నానికి పాప కడుపునొప్పి అంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. తర్వాత మగతగా పడుకుంది. కాళ్లూ చేతులూ చల్లగా ఉంటే, జ్వరం పోయింది కదా, నీరసమై ఉంటుందని ముసలమ్మ దుప్పటి కప్పింది. సాయంత్రం తల్లిదండ్రులు వచ్చేసరికి పాప పొద్దుటి నుంచి మూత్రానికే పోలేదు. ఆటోలో మండల కేంద్రానికి పోతే డాక్టరు లేరు. అక్కడి నుంచి పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి పోతే ముందు డబ్బు కట్టమన్నారు. ఎరువుల షాపు యజమాని దగ్గర అప్పు తెచ్చి కట్టారు. రాత్రి పన్నెండు దాటాక, ఇక్కడ కాదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. పాప దారిలోనే పోయింది.

రెండోది ఆ ఇంటికి నాలుగిళ్ల అవతల ఆరేళ్ల బాబు. వాడికీ మూడు రోజులు జ్వరం కాసింది, నాలుగో రోజు తగ్గింది. తగ్గిన పూట ఆ ఊరి ఆశా కార్యకర్త వచ్చి మంచం పక్కన కూర్చుంది. మూత్రం ఎప్పుడు పోశాడు, వాంతులు అవుతున్నాయా, కడుపు నొస్తోందా అని అడిగింది. కాళ్లూ చేతులూ పట్టి చూసింది. కడుపునొప్పి అని వినగానే ఇక ఎవరి మాటా వినకుండా 108 పిలిపించి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి పంపింది. అక్కడ రెండు రోజులు పూట పూటకూ రక్తపరీక్ష చేస్తూ, లెక్క ప్రకారం సెలైన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. మూడో రోజు బాబు ఇంటికి వచ్చాడు. ఈ రోజు బడికి పోతున్నాడు.

ఇద్దరికీ వచ్చింది ఒకే జబ్బు. ఇద్దరి ఇళ్ల ముందూ అవే నీళ్ల డ్రమ్ములు. ఒకరి దగ్గర, జ్వరం తగ్గిన పూట, ఏం చూడాలో తెలిసిన మనిషి ఉంది. ఇంకొకరి దగ్గర లేదు. ఆ ఆశా కార్యకర్తను అక్కడికి పొమ్మని పై నుంచి ఎవరూ చెప్పలేదు. పాప పోయిందన్న దిగులుతో తనంతట తానే వచ్చింది. మన పిల్లల ప్రాణాలు ఇట్లా ఒకరి దిగులు మీద, ఒకరి దయ మీద ఆధారపడి ఉండాలా? ఇదే మేం అడుగుతున్న ప్రశ్న.

ఈ జ్వరం నడిచే తీరు వేరు

మలేరియా, టైఫాయిడ్ మనకు తెలుసు. జ్వరం ఉన్నంతసేపూ భయం, తగ్గితే ధైర్యం. డెంగీ దీనికి తలకిందులు. జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. చాలామంది పిల్లలు దానంతట అదే తగ్గి కోలుకుంటారు. కానీ కొద్దిమందికి, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకు అసలు ప్రమాదం మొదలవుతుంది. సన్నటి రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆ ఒకటి రెండు రోజులు సరైన మోతాదులో ద్రవాలు అందితే పిల్ల నిలుస్తుంది. అందకపోతే షాక్‌లోకి పోతుంది.

పిల్లల విషయంలో ఇంకో మోసం ఉంది. పెద్దవాళ్ల కన్నా పిల్లల శరీరం ఈ నష్టాన్ని ఎక్కువసేపు తట్టుకుంటుంది. బీపీ చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. పలకరిస్తే మాట్లాడతారు కూడా. తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. అప్పుడు ఎంత పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయినా ఆలస్యమే. అందుకే పిల్లల డెంగీలో మందు కన్నా కాపలా ముఖ్యం. ఈ జబ్బు వైరస్‌ను చంపే మందు ఇంతవరకూ లేదు. దేశంలో తయారైన టీకా మీద మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి. టీకా వచ్చి మన ఊరికి చేరేదాకా కనిపెట్టి చూసుకోవడమే దిక్కు. తీవ్రమైన డెంగీని వేళకు గుర్తించి సరిగ్గా చూస్తే మరణాలు నూటికి ఒకటి కన్నా తక్కువకు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. అంటే చనిపోతున్న పిల్లల్లో చాలామంది చనిపోవాల్సిన వాళ్లు కాదు.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు. కానీ వేరే రకం వస్తే రెండోసారి జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. 2017-18లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా రక్త నమూనాలు తీసి చూస్తే, దక్షిణాదిలో పరీక్షించిన వాళ్లలో నూటికి 77 మందికి అప్పటికే ఒకసారైనా డెంగీ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. దేశం మొత్తం మీద 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లోనే నూటికి 28 మందికి సోకి ఉంది. ఆ సర్వేలోనే పల్లెల లెక్క నూటికి 42. కనుక ఇది పట్నాల జబ్బు, పల్లెలకు రాదు అనే మాట ఇక చెల్లదు. మన పిల్లల్లో ఎంతోమంది రెండో రకం కాటుకు సిద్ధంగా నిలబడి ఉన్నారు.

లెక్కలో లేని పిల్లలు

ఇంత తెలిసి కూడా పాలకులు ఎందుకు కదలరు? ఎందుకంటే వాళ్ల కాగితాల్లో మన పిల్లలు లేరు.

2010లో మన దేశంలో అధికారికంగా నమోదైన డెంగీ కేసులు 28 వేలు. అదే సంవత్సరానికి శాస్త్రవేత్తలు వేసిన అంచనా, 2013లో నేచర్ పత్రికలో వచ్చింది, 3 కోట్ల 30 లక్షల మంది జబ్బుపడ్డారని. వెయ్యి రెట్లకు పైగా తేడా. అంచనాల్లో హెచ్చుతగ్గులు ఉంటాయి, కాదనం. కానీ సగానికి సగం పొరపాటు అనుకున్నా మిగిలే లెక్క పాలకులకు సిగ్గుచేటే. 2023లో అధికారిక లెక్క 2 లక్షల 89 వేల కేసులు, 485 మరణాలు. మా జిల్లాలోని పాప ఆ రకం లెక్కల్లో ఎక్కదు. ఆమెకు ఎలీసా పరీక్ష జరగలేదు. ప్రైవేటు ఆసుపత్రిలో చేసిన ర్యాపిడ్ పరీక్షను ప్రభుత్వం నిర్ధారణగా తీసుకోదు, అనుమానిత కేసుగానే రాసుకుంటుంది. ఎలీసా చేసే కేంద్రాలు జిల్లా కేంద్రాల్లో, పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. ఊళ్లో జ్వరం వచ్చి, ఊళ్లోనే సూది వేయించుకుని, దారిలో పోయిన పిల్లకు కాగితం మీద ఏ జబ్బూ లేదు. "విష జ్వరం" అని పేపర్లో రెండు లైన్లు వస్తే అదే గొప్ప.

ఈ "విష జ్వరాలు" అన్న మాట మీద మాకు కోపం ఉంది. ఏటా వానలు పడగానే ఊళ్లకు ఊళ్లు మంచాన పడితే, అధికారులు ఈ ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకుంటారు. జబ్బుకు పేరు పెడితే బాధ్యత వస్తుంది. పేరు లేని జబ్బుకు బాధ్యులు ఉండరు. 2019లో డెంగీ విజృంభించినప్పుడు తెలంగాణ హైకోర్టు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని స్వయంగా కోర్టుకు పిలిపించి అడగాల్సి వచ్చింది. కోర్టు పిలిస్తే గానీ కదలని యంత్రాంగం, పత్తి చేలో ఉన్న తల్లి పిలిస్తే కదులుతుందా?

పొగబండి, ప్లేట్‌లెట్ల బేరం

ఊళ్లో ఒకరిద్దరు పోయాక పంచాయతీ వాళ్లు పొగబండి తెస్తారు. ఫొటో తీస్తారు. పొగ ఎగిరే దోమను చంపుతుంది, నీళ్లలో ఉన్న పిల్లపురుగును చంపదు. వారం పది రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. ఈ దోమ మురికి కాలవలో పుట్టేది కాదు. ఇంట్లో పట్టి ఉంచుకున్న మంచి నీళ్లలో పుట్టి, పగలు కుడుతుంది. దాని గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఇది తెలిసి కూడా పొగతోనే సరిపెట్టడం తూతూమంత్రం.

రెండో వైపు వ్యాపారం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి అన్న ఒక్క మాటతో రైతు కుటుంబం గుండె జారిపోతుంది. ఎకరం తాకట్టు పెట్టైనా ఎక్కించమంటారు. కానీ పిల్లను చంపేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల కొరత కాదు, రక్తనాళాల్లోంచి నీరు కారిపోవడం. రక్తస్రావం లేకపోతే, లెక్క 10 వేల కన్నా కిందికి పోతే తప్ప ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. జబ్బు తగ్గుముఖం పట్టాక అవి వాటంతట అవే పెరుగుతాయి. చూడాల్సింది రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ పరీక్ష. దానికి కావలసింది సన్నటి గాజు గొట్టం, దాన్ని తిప్పే ఒక చిన్న యంత్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టలేనంత పెద్ద విషయం కాదు. అందులో వ్యాపారం లేదు కనుక దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఊరి ఆర్‌ఎంపీల గురించీ నిజం చెప్పుకోవాలి. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది వాళ్లే. వాళ్లను తిట్టి లాభం లేదు, ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోట వాళ్లు నిలబడ్డారు. కానీ జ్వరం వెంటనే దించాలని వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి మందులు డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. స్టెరాయిడ్ సూది వల్ల మేలు లేదు. లెక్క లేకుండా ఎక్కించే గ్లూకోజు సీసాలు కూడా ప్రమాదమే. కారిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చే దశలో అవి ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి ఆడకుండా చేస్తాయి. జ్వరానికి, డాక్టరు బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఈ సంగతి ఆర్‌ఎంపీలకు నేర్పే బాధ్యత ఎవరిది?

తప్పు మనదేనట

ప్రజలు ఇళ్లలో నీళ్లు నిల్వ పెట్టుకుంటున్నారు, పరిశుభ్రత పాటించడం లేదు, అందుకే డెంగీ అని సమీక్షా సమావేశాల్లో అధికారులు సెలవిస్తారు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో నీళ్లు పట్టి ఉంచుకోకుండా ఎట్లా బతకాలో వాళ్లే చెప్పాలి. శుక్రవారం డ్రై డే పాటించమంటారు, మంచిదే. కానీ గురువారం పట్టిన నీళ్లను శుక్రవారం పారబోస్తే శనివారం తాగడానికి ఎవరు తెచ్చిస్తారు? నీళ్లు రోజూ వచ్చే ఏర్పాటు చేయండి, డ్రమ్ములు మేమే బోర్లిస్తాం.

అయితే మనలో లోపం లేదా? ఉంది. మందు కొట్టడానికి చేల గట్ల మీద పెట్టిన డ్రమ్ములు వానాకాలమంతా మూత లేకుండా పడి ఉంటాయి. పాత టైర్లు, పగిలిన పశువుల తొట్లు, ఖాళీ డబ్బాలు దొడ్లో కుప్పగా ఉంటాయి. సంఘంగా కూడా మేం తప్పు చేశాం. మద్దతు ధర గురించి, విత్తనాల గురించి ఎన్ని ధర్నాలు చేశామో, పిల్లల జ్వరం గురించి ఒక్కటీ చేయలేదు. వైద్యం ఆరోగ్య శాఖ పని, మనది కాదు అనుకున్నాం. కానీ ఆ పాప తండ్రి అప్పు పద్దులో విత్తనాలు, పురుగుమందుల పక్కనే ఆసుపత్రి డబ్బు కూడా రాసి ఉంది. ఆ అప్పుకూ వడ్డీ ఉంది. డెంగీ వచ్చేది కలుపు, మందు కొట్టే రోజుల్లోనే. జ్వరమున్న పిల్ల దగ్గర కూర్చుంటే కూలి పోతుంది, చేను పోతుంది. కూర్చోకపోతే పిల్ల పోతుంది. ఇది వ్యవసాయ సమస్య కాదని ఇంకెవరైనా అంటే మేం ఒప్పుకోం.

మేం అడుగుతున్నవి

1. జూన్ నుంచి నవంబరు వరకు ప్రతి ఊళ్లో పిల్లల జ్వరాల రిజిస్టరు ఉండాలి. జ్వరం ఏ తేదీన మొదలైందో అందులో రాయాలి. మూడో రోజు నుంచి, జ్వరం దిగి రెండు రోజులు గడిచేదాకా, రోజూ ఒకరు ఆ ఇంటికి వెళ్లి పిల్లను చూడాలి.

2. ఈ పని ఆశా కార్యకర్తల నెత్తిన ఉత్తినే రుద్దకూడదు. శిక్షణ ఇచ్చి, ఈ సందర్శనలకు అదనంగా డబ్బు చెల్లించాలి. ఏఎన్‌ఎం ఖాళీలు నింపాలి.

3. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెమటోక్రిట్, ప్లేట్‌లెట్ పరీక్షలు అదే పూట చేసి ఫలితం చెప్పాలి. నమూనా జిల్లా కేంద్రానికి పోయి మర్నాడు కాగితం వస్తే, ఈ జబ్బులో ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

4. ఈ ఆరు నెలలు మండల కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఉండాలి. పిల్లలకు తగిన సెలైన్ ఏర్పాట్లు ఉండాలి. 108 బండి డెంగీ పిల్లను నేరుగా పిల్లల డాక్టరున్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

5. ప్రైవేటులో తేలిన కేసులను, దారిలో జరిగిన మరణాలను విచారించి లెక్కలోకి తీసుకోవాలి. మండలాల వారీగా వారం వారం ఆ లెక్క బయటపెట్టాలి.

6. డెంగీ పిల్ల దగ్గర డిపాజిట్ అడిగే ఆసుపత్రి మీద చర్య ఉండాలి. వైద్యం మొత్తం ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా జరగాలి.

7. దోమలు లేచాక పొగ కాదు, లేవకముందే ఇంటింటా తొట్లు చూసి, వంద ఇళ్లకు ఎన్ని తొట్లలో పిల్లపురుగు ఉందో వానలకు ముందే లెక్క తీయాలి. బుట్టలో రెక్కల పురుగుల లెక్క మాకు నేర్పిన ప్రభుత్వానికి ఇది కష్టం కాదు.

ప్రభుత్వం కదిలేదాకా మనం

ఈ డిమాండ్లతో వచ్చే నెల మండల కార్యాలయాల ముందు కూర్చుంటాం. కానీ జ్వరం మన ధర్నా తేదీ దాకా ఆగదు. కనుక ప్రతి గ్రామ కమిటీ ఈ వారమే ఒక నోటుబుక్కు పెట్టాలి. బడి పంతులు గారిని, అంగన్‌వాడీ టీచరమ్మను కలిసి, ఏ పిల్ల జ్వరంతో రాలేదో రోజూ కనుక్కోవాలి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు పడుకుంటే వెంటనే ఆరోగ్య కేంద్రానికి కబురు పంపాలి.

జ్వరమున్న ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేసారి చేనుకు పోవద్దు. పోక తప్పకపోతే కమిటీ ఒక మనిషిని ఆ ఇంటికి పంపాలి. నాట్లకు బదులు పనులు చేసుకున్న మనకు ఇది కొత్త కాదు. ఆ ఇంటి కలుపు పదిమందీ కలిసి ఒక్కపూటలో తీసేయవచ్చు.

పిల్లకు ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారైనా మూత్రం పోస్తోందా చూడాలి. బొప్పాయి ఆకు రసం మీద నమ్మకంతో ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేయవద్దు. పగలు నిద్రపోయే పసిపిల్లలకు దోమతెర పగలే కట్టాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత లేదా చిరాకు, చల్లబడ్డ కాళ్లూ చేతులు, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, జ్వరం ఉన్నా లేకపోయినా, అప్పటికప్పుడే కదలాలి. తెల్లారనివ్వు, పొద్దున చూద్దాం అన్న మాట ఆ ఇంట్లో వినిపించకూడదు.

ఆ పాప ఇంటికి మేం పరామర్శకు పోయినప్పుడు నాయనమ్మ ఒకే మాట అడిగింది. "ఒళ్లు చల్లబడితే మంచిది కాదని నాకెవ్వరూ చెప్పలేదు బిడ్డా." ఆమెకు చెప్పాల్సినవాళ్లలో ప్రభుత్వం ఉంది, ఆరోగ్య శాఖ ఉంది, మన సంఘమూ ఉంది. ఈ వానాకాలం ఏ ఇంట్లోనూ ఆ మాట మళ్లీ వినపడకుండా చూడటం మన మీద ఉన్న బాకీ. ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ చదవడం రాని పది ఇళ్లకు వెళ్లి ఈ ఒక్క విషయం చెప్పండి: జ్వరం దిగిన రోజే పిల్లను కాచుకోవాలి.